పత్తి నీళ్లలో కరిగేదెప్పుడు?

దేవనకొండ, ఆదోని చేలలో పండే పత్తిలో దాదాపు 90 శాతం సెల్యులోజే. నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్ సమూహాలు ఎన్ని ఉన్నా అది కరగదు. దాని అణువుల గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి.

ఆ పట్టు సడలించడానికే రసాయన మార్పు. సోడియం హైడ్రాక్సైడ్‌తో, మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లంతో చర్య జరిపితే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ (సీఎంసీ) వస్తుంది. నీటిలో దాని గొలుసుల మీది రుణావేశాలు వికర్షించుకుంటాయి. గొలుసులు విచ్చుకుని ద్రవం చిక్కబడుతుంది. పరీక్షార్థులు పట్టుకోవలసిన మెలిక ఇదే: ఉప్పు కలిపితే ఆవేశాల ప్రభావం తగ్గి, గొలుసులు ముడుచుకుని, ద్రావణం పలచబడుతుంది. మిథైల్ సెల్యులోజ్ తీరు మరీ విచిత్రం. దాని ద్రావణం వేడిచేస్తే జెల్‌గా గడ్డకడుతుంది, చల్లారితే మళ్లీ ద్రవమవుతుంది!

ఎమ్మిగనూరును వదిలేసి ఈ పాఠం చెప్పలేం. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరది. మగ్గం మీద పోగు తెగకుండా పడుగుకు పెట్టే గంజిలోని స్టార్చ్ కూడా సెల్యులోజ్‌లాగే గొలుసు అణువు, అంటే పాలిమరే. మిల్లుల్లో ఆ పనికి మార్పుచేసిన స్టార్చ్, సీఎంసీ వాడతారు. ఐస్‌క్రీమ్, టూత్‌పేస్ట్, కంటి చుక్కల్లోనూ సీఎంసీ ఉంటుంది. ఆహార ప్యాకెట్ల మీద దాని సంకేత సంఖ్య 466.