దేహభావన - కొలమానం

శరీరపు వేడిని కొలవడానికి ఉష్ణమాపకం చాలు. దానిని టొరంటోలో వాడినా, గుంటూరులో వాడినా పాదరసం ఒకే తీరున పైకి లేస్తుంది. రోగి ఏ భాష మాట్లాడతాడో, ఏ పండుగకు ఉపవాసం ఉంటాడో దానికి అక్కరలేదు. కాని ఒక యువతి తన శరీరాన్ని గురించి తాను ఏమనుకుంటున్నదో, ఎదుట ఉన్న అన్నాన్ని చూసి ఎందుకు భయపడుతున్నదో తెలుసుకోవాలంటే ఆమెను అడగక తప్పదు. అడగడమంటే ప్రశ్న వేయడం. ప్రశ్నకు భాష కావాలి. భాష వెంట ఆ సమాజపు ఆచారాలు, మర్యాదలు, మమకారాలు అన్నీ నడచి వస్తాయి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ప్రతి వ్యక్తి మనస్సులోను తన రూపాన్ని గురించిన చిత్రం ఒకటి ఉంటుంది. మనోవిజ్ఞాన శాస్త్రం దానిని దేహభావన అంటుంది. ఉన్న రూపానికీ, కోరుకునే రూపానికీ మధ్య దూరం పెరిగితే కలిగేది దేహ అసంతృప్తి. అది కొంత మేరకు లోకంలో చాలామందికి ఉండేదే. అది ముదిరి ఆహారం విషయంలో విపరీత ప్రవర్తనకు దారితీసినప్పుడు వ్యాధిగా పరిణమిస్తుంది. తిండి మాని శుష్కించిపోయే అనొరెక్సియా నెర్వోసా, అతిగా తిని ఆ తిన్నదానిని బలవంతంగా వదిలించుకోజూచే బులీమియా నెర్వోసా వీటిలో ముఖ్యమైనవి. మానసిక వ్యాధులలో మరణాల నిష్పత్తి అత్యధికంగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. కాబట్టి ఇక్కడ కొలత తప్పితే ఆరోగ్యవంతురాలికి రోగి అన్న ముద్ర పడవచ్చు. అంతకన్న ఘోరంగా, నిజమైన రోగి ఎవరి కంటా పడకుండా పోవచ్చు.

ఈ రంగంలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉన్న సాధనం 'ఈటింగ్ యాటిట్యూడ్స్ టెస్ట్' అనే ప్రశ్నావళి. కెనడాలోని టొరంటో నగరంలో డేవిడ్ గార్నర్, పాల్ గార్ఫింకెల్ అనే పరిశోధకులు 1979లో దీనిని 40 ప్రశ్నలతో ప్రకటించారు. 1982లో దానిని 26 ప్రశ్నలకు కుదించారు. ప్రతి ప్రశ్నకు 'ఎల్లప్పుడూ' అంటే 3, 'సాధారణంగా' అంటే 2, 'తరచుగా' అంటే 1 మార్కు వస్తాయి. మిగిలిన మూడు సమాధానాలకు సున్న. ఒక ప్రశ్నకు మాత్రం ఈ లెక్క తలక్రిందులవుతుంది. మొత్తం 78కి 20 గాని, అంతకు మించి గాని వచ్చినవారిని వైద్యుడు స్వయంగా పరీక్షించాలి. ఇది జల్లెడ వంటిదే గాని రోగ నిర్ధారణ కాదని దానిని రూపొందించినవారే స్పష్టం చేశారు. ఆ హెచ్చరికను మరచి, 20 దాటినవారందరినీ రోగుల జాబితాలో చేర్చిన వ్యాసాలు తరువాతి కాలంలో తక్కువేమీ రాలేదు.

ఈ జల్లెడ భారతదేశానికి వచ్చినప్పుడు ఏమి జరిగిందో 1989లో కింగ్, భుగ్రా అనే మనోవైద్యులు ప్రకటించిన అధ్యయనం తెలుపుతుంది. ఉత్తర భారతంలోని ఒక పట్టణంలో 580 మంది విద్యార్థినులకు వారు ఈ 26 ప్రశ్నలు ఇచ్చారు. దాదాపు 29 శాతం మంది నిర్ణీత హద్దును దాటారు. పైపైన చూస్తే ఆ పట్టణంలో ప్రతి పదిమంది బాలికలలో ముగ్గురు ప్రమాదపు అంచున ఉన్నారని అర్థం. పరిశోధకులు అంతటితో తృప్తి పడలేదు. ఒక్కొక్క ప్రశ్ననూ విడిగా పరిశీలించారు. కొన్ని ప్రశ్నలను బాలికలు టొరంటో వారు ఉద్దేశించిన అర్థంలో తీసుకోనేలేదని, తమ సామాజిక, ధార్మిక జీవితానికి అన్వయించుకుని జవాబు చెప్పారని తేలింది. పెద్ద సంఖ్య చేతికి దొరికినప్పుడు దానిని అనుమానించడం పరిశోధకులకు అంత సులభమైన పని కాదు. ఆ అధ్యయనం విలువ అక్కడే ఉన్నది.

ఇదే ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తాను ఇంకా ఎక్కువ తినాలని ఇతరులు కోరుకుంటున్నట్లు అనిపిస్తుందా అని అందులో ఒక ప్రశ్న. తినమని ఇతరులు ఒత్తిడి చేస్తున్నారా అని మరొకటి. తెలుగింటిలో వద్దన్నకొద్దీ కొసరి కొసరి వడ్డించడం మర్యాద. విస్తరిపై చేయి అడ్డం పెట్టినా వ్రేళ్ళ సందున మరొక గరిటె పడుతుంది. అటువంటి ఇంటి పిల్ల నిజాయితీగా జవాబు చెబితే రెండింటికీ 'ఎల్లప్పుడూ' అనే అంటుంది. అంటే హద్దుగా పెట్టిన 20లో 6 మార్కులు అమ్మమ్మ ఆప్యాయత వల్లనే వచ్చి చేరతాయి. ఆహారం విషయంలో నిగ్రహం చూపుతావా అని అడిగితే, ఏకాదశి నాడో, కార్తిక సోమవారం నాడో ఉపవాసం ఉండే బాలిక ఔనని గర్వంగానే చెబుతుంది. ఆహారం తన జీవితాన్ని శాసిస్తున్నదా అన్న ప్రశ్న, అన్నాన్ని దైవంగా భావించే ఇంట్లో పెరిగిన అమ్మాయికి వేదాంత ప్రశ్నలా వినిపించవచ్చు.

అనువాదంలో మరొక ఇబ్బంది కూడా ఉన్నది. తెలుగులో 'లావు' అన్న మాట ఒకటి, 'బొద్దు' అన్నది వేరొకటి, 'పుష్టి', 'నిండుదనం' ఇంకొకటి. 'కాస్త ఒళ్ళు చేశావు' అన్న మాటలో మెప్పు ఉండవచ్చు, ఎత్తిపొడుపూ ఉండవచ్చు. అన్నవారెవరో, విన్నవారెవరో తెలియకుండా దాని బరువు తేలదు. 'చిక్కిపోయావేమమ్మా' అన్నది మాత్రం పాతతరం నోట ఎప్పుడూ జాలి మాటే. ఇన్ని ఛాయలున్న చోట ఆంగ్లంలోని ఒకే మాటకు ఏ తెలుగు మాట పెట్టాలి? ఇటువంటి చిక్కులను కొంత తీర్చడానికి రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన పునరనువాద పద్ధతిని నేటికీ పాటిస్తున్నారు. ఒకరు ప్రశ్నను దేశభాషలోకి మారుస్తారు. మూలాన్ని చూడని మరొకరు దానిని తిరిగి ఆంగ్లంలోకి తెస్తారు. రెండు ఆంగ్ల పాఠాలను పోల్చి తేడాలను సరిదిద్దుతారు. పద్ధతి మంచిదే. అయితే అది మాటలను సరిచూడగలదు గాని, కొసరి వడ్డించే ఆచారాన్ని పట్టుకోలేదు.

పైన చెప్పినదంతా లేని జబ్బును ఉన్నట్లు చూపే పొరపాటు. దీనికి విరుద్ధమైన పొరపాటు హాంకాంగ్‌లో బయటపడింది. అక్కడి మనోవైద్యుడు సింగ్ లీ, ఆయన సహచరులు 1993లో 70 మంది చైనీయ అనొరెక్సియా రోగుల వివరాలను ప్రకటించారు. వారిలో 41 మందికి లావెక్కుతామన్న భయం జబ్బు మొదలైన నాటినుంచీ లేనేలేదు. ఎందుకు తినడం లేదని అడిగితే కడుపు ఉబ్బరంగా ఉన్నదనీ, ఆకలి లేదనీ చెప్పారు. అద్దంలో తమను తాము లావుగా చూసుకున్నవారు కారు. చిక్కిపోయామని వారికీ తెలుసు. పాశ్చాత్య వైద్య గ్రంథాలు మాత్రం లావు భయాన్నే ఆ వ్యాధికి ప్రాణలక్షణంగా పేర్కొన్నాయి. ప్రశ్నావళిలోని ప్రశ్నలలో ఎక్కువ భాగం ఆ భయం చుట్టూనే తిరుగుతాయి. ఆ భయం లేని రోగికి మార్కులు తక్కువ పడతాయి. మనిషి ఎముకల గూడుగా మారుతున్నా కాగితం మీద ఆరోగ్యంగానే కనిపిస్తుంది. 1995లో ఢిల్లీ వైద్యులు ఐదుగురు యువతుల గురించి వ్రాసిన నివేదికలోనూ ఇటువంటి స్థితే కనిపిస్తుంది. 'అన్నం సహించడం లేదు' అని తెలుగులో చెప్పే మాట ఈ సందర్భంలో గుర్తుకు రాకమానదు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో తన వ్యాధి నిర్ణయ గ్రంథాన్ని సవరించినప్పుడు, లావు భయాన్ని నోటితో చెప్పకపోయినా, బరువు పెరగకుండా అడ్డుపడే ప్రవర్తన విడువకుండా కొనసాగుతుంటే చాలునని నియమాన్ని సడలించింది. హాంకాంగ్ నివేదికకూ ఈ సవరణకూ నడుమ ఇరవై ఏళ్ళు గడిచాయి.

మాటలతో ఇన్ని చిక్కులున్నప్పుడు బొమ్మలతో అడిగితే సరిపోతుందని కొందరు భావించారు. 1983లో స్టంకార్డ్, ఆయన సహచరులు ప్రకటించిన చిత్రమాలలో మిక్కిలి సన్నని రూపం మొదలుకొని మిక్కిలి స్థూలమైన రూపం వరకు తొమ్మిది బొమ్మలున్నాయి. నీ రూపం ఏది, నీవు కోరుకునేది ఏది అని అడిగి, ఆ రెండింటి మధ్య తేడాను అసంతృప్తిగా లెక్కిస్తారు. 1985లో ఫాలన్, రోజిన్ అమెరికా కళాశాల విద్యార్థులను ఈ విధంగానే ప్రశ్నించారు. యువకులకు తమ రూపమూ, కోరుకునే రూపమూ దాదాపు ఒకటే. యువతులు మాత్రం తమకన్న సన్నని బొమ్మను కోరుకున్నారు. పైగా మగవారు మెచ్చుతారని వారు ఊహించిన బొమ్మ, మగవారు నిజంగా మెచ్చిన బొమ్మకన్న సన్ననిది. లేని న్యాయమూర్తి ఇచ్చిన తీర్పుకు తలవంచడమంటే ఇదే. 2010లో 26 దేశాలకు చెందిన 7,434 మందితో జరిగిన అధ్యయనం మరొక సంగతిని బయటపెట్టింది. సంపన్న ప్రాంతాలను మాత్రమే పోల్చితే ఖండానికీ ఖండానికీ మధ్య కనబడిన తేడా స్వల్పం. ఒకే దేశంలో పేద ప్రాంతానికీ, సంపన్న ప్రాంతానికీ మధ్య మాత్రం స్పష్టమైన తేడా ఉన్నది. పేద ప్రాంతాలవారు నిండైన రూపాన్నే మెచ్చుకున్నారు. తూర్పు, పడమర అని లోకాన్ని రెండుగా చీల్చి మాట్లాడడం ఎంత పైపై మాటో దీనివల్ల తెలుస్తుంది.

కాలంతో పాటు ఒక సమాజపు దేహభావన ఎలా మారుతుందో చూడడానికి పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులు అరుదైన అవకాశం ఇచ్చాయి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడికి వెళ్ళిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. అయితే ఇక్కడ చెప్పబోయేది ఆ దీవుల మూలవాసుల సంగతి. వారికి కండపట్టిన శరీరం గౌరవ చిహ్నం. మనిషి చిక్కిపోతే ఆ ఇంటివారు, ఆ ఊరివారు సరిగా చూసుకోలేదని అర్థం. ఆకలి మందగించడాన్ని 'మకాకే' అనే జబ్బుగా భావించి, ఇంట్లోవారు ఆకుపసరు తాగించేవారు. మానవశాస్త్రవేత్తా, మనోవైద్యురాలూ అయిన ఆన్ బెకర్ ఈ సమాజాన్ని చాలాకాలంగా పరిశీలిస్తూ వచ్చారు.

1995లో నద్రోగా ప్రాంతానికి టెలివిజన్ ప్రసారాలు చేరాయి. అవి వచ్చిన కొద్ది వారాలకే బెకర్ బృందం పాఠశాల బాలికలు 63 మందిని 26 ప్రశ్నలతో పరీక్షించింది. మూడేళ్ళ తరువాత, 1998లో, అదే వయస్సులో ఉన్న మరి 65 మందిని పరీక్షించింది. 20 దాటినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకున్నవారు 1995లో ఒక్కరూ లేరు, 1998లో 11.3 శాతం ఉన్నారు. ఈ సంగతిని కాగితం మీది జవాబుతో సరిపెట్టుకోక, బాలికలతో మాట్లాడి నిర్ధారించుకున్నారు. ఆ సంభాషణలలో వెల్లడైన విషయం అంకెలకన్న ఆసక్తికరమైనది. బాలికలు తెర మీది స్త్రీల అందాన్ని మాత్రమే చూసి మోహపడలేదు. ఆ సన్నని స్త్రీలకు ఉద్యోగాలున్నాయి, చేతిలో డబ్బున్నది. తామూ అలా మారితే అటువంటి జీవితం దొరుకుతుందని ఆశపడ్డారు.

2002లో ప్రచురితమైన ఈ అధ్యయనాన్ని చూపి టెలివిజనే వ్యాధిని తెచ్చిందని చాలామంది తీర్మానించారు. అంత తొందర అక్కరలేదు. రెండుసార్లూ పరీక్షించినది ఒకే బాలికలను కాదు. సంఖ్య చిన్నది. టెలివిజన్ రాని గ్రామాన్ని పక్కన పెట్టి పోల్చలేదు. ఈ లోపాలు తెలిసిన బెకర్ బృందం తరువాత 523 మంది విద్యార్థినులతో మరొక అధ్యయనం చేసింది. 2011లో వెలువడిన దాని ఫలితం ప్రకారం, బాలిక స్వయంగా ఎంత చూస్తున్నదన్న దానికన్న, ఆమె స్నేహితురాళ్ళు ఎంత చూస్తున్నారన్నదే ఆహార వైఖరులతో ఎక్కువ ముడిపడి ఉన్నది. ఇంట్లో పెట్టె లేనంత మాత్రాన ఆ ప్రభావం తప్పదు.

ఈ రెండవ విడతలో ప్రశ్నావళిని ఫిజీ భాషలోకి మార్చేటప్పుడు పరిశోధకులు ఒక విశేషాన్ని గమనించారు. మందుల దుకాణంలో దొరికే విరేచన మాత్రలను గురించి అడిగి ఊరుకుంటే సరిపోదు. అక్కడి బాలికలు కొందరు ఆ మాత్రలకు బదులు సంప్రదాయ ఆకుపసరునే వాడుతున్నారు. పూర్వం ఆకలి పుట్టించడానికి పెద్దలు తాగించిన పసరు వంటిదానినే, తిన్నదానిని వదిలించుకోవడానికి పిల్లలు తాగుతున్నారు. తల్లి చూసినా పాతకాలపు వైద్యమే అనుకుంటుంది. అందుకని ఆకుపసరును గురించి ప్రత్యేకంగా అడిగారు. జవాబులను వర్గీకరించగా, అలా పసరు వాడే బాలికలు ఒక ప్రత్యేక వర్గంగా తేలారు.