కలిసి త్రవ్విన కాలువ

పాఠ్యభాగము: నెహెమ్యా 3:1-12

సేవాకార్యమనగానే "పాస్టరుగారు చూచుకొందురులే" అనుట మనకు అలవాటు. ఇది సరియైనదా?

1876-78 నాటి మహా కరవు మైసూరు రాజ్యమును, మన తెలుగు జిల్లాలను కూడ పీడించెను. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొనిరి. ఆకలిగొన్నవారికి భిక్ష కాదు, కూలి దొరికెను. పనివారి భాషయు బాధయు ఎరిగిన తెలుగు బోధకులే మేస్త్రీలైరి. కూటి కొరకు ఎవరును సంఘములో చేరకుండునట్లు ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసిరి. తరువాత 1878 జూలై 3న 2,222 మందికి బాప్తిస్మమిచ్చినది దొరగారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులే.

నెహెమ్యా కూడ అట్లే చేసెను:

1. మాటలాడకమునుపు రాత్రివేళ గోడను స్వయముగా చూచెను.

2. పని పంచెను. కంసాలులు, షల్లూము కుమార్తెలు సహితము కట్టిరి. తెకోవ ఘనులు మాత్రము మెడ వంచలేదు.

3. అనేకులు తమ యింటి యెదుటి భాగమునే బాగుచేసిరి. 52 దినములలో గోడ ముగిసెను.

2024 వేసవిలో బెంగుళూరులో బోరుబావులు ఎండినప్పుడు మన ఊళ్లనుండి వచ్చిన కట్టడపు కూలీల షెడ్లకు మనలో ఎందరము వెళ్లితిమి? మనమును ఒకప్పుడు పెట్టెతో దిగినవారమే గదా!

ఆలోచించుడి: వారికేమి కావలెనో వారినే అడిగితిమా? పొరుగున నున్న కన్నడ సహోదరులను కలుపుకొంటిమా? లెక్కలు సంఘము ఎదుట చదివితిమా?