పదికి ఏడు మార్కులు

రిటైరై డిచ్‌పల్లి చేరాక మా అరుగు మీదికి వచ్చే కాగితాల్లో ప్రోస్టేట్ బయాప్సీ రిపోర్టులే ఎక్కువ. ఏళ్ల తరబడి స్లైడ్లు చూసినవాణ్ణి కదా, చదివి చెప్పమంటారు. మొన్న మే నెలలో బోధన్ దిక్కు నుంచి ఒక చెరుకు రైతు, కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. "సారూ, పదికి ఏడు మార్కులొచ్చినయంట. పాసైనట్టేనా?" నవ్వుతున్నాడో భయపడుతున్నాడో తెలియలేదు. పెథాలజీలో కొత్తగా చేరే పిల్లల కోసం ఆ రాత్రి ఇవి రాయడం మొదలుపెట్టాను.

1. అంకె వేస్తే కొలబద్ద కూడా చెప్పు.

మా ఊళ్లో 1915లో ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. కుష్ఠు స్మియర్‌లో క్రిముల లెక్క 0 నుంచి 6 దాకా. అక్కడ 6 అంటే ఇసుక చల్లినట్టు క్రిములే. ప్రోస్టేట్‌లో అదే 6 అన్నిటికన్నా నెమ్మదైన క్యాన్సర్. 1966లో అమెరికాలో డొనాల్డ్ గ్లీసన్ గ్రంథుల అమరికకు 1 నుంచి 5 దాకా అంకెలిచ్చి, ఎక్కువగా కనబడే రెండు అమరికల అంకెలు కలపమన్నాడు. ఇప్పుడు బయాప్సీలో 1, 2 ఎవరూ వేయరు గనక లెక్క 3+3 దగ్గరే మొదలు. పదికి ఆరు అనగానే ముదిరిపోయిందని జనం బెంబేలెత్తేవారు. అందుకే 2014లో పెథాలజిస్టులు కూర్చుని 1 నుంచి 5 గ్రేడ్ గ్రూపులు ఖాయం చేశారు. రిపోర్టులో స్కోరూ, గ్రూపూ రెండూ రాయి.

2. ఏడును విడగొట్టకుండా వదలకు.

ఈ తప్పు నేనే చేశాను. కొత్తలో ఉత్త "7" అని రాసి పంపాను. సర్జన్ ఫోన్ చేసి, "ఏ ఏడు స్వామీ?" అన్నాడు. 3 అంటే గ్రంథులు దేనికది విడిగా, పక్కదాన్ని అంటుకోకుండా ఉంటాయి. 4 అంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, కొన్నిచోట్ల జల్లెడలా కన్నాలు పడతాయి. 5లో గ్రంథి రూపమే ఉండదు, కణాలు ఒంటరిగానో వరుసల్లోనో చెల్లాచెదురు. 3 ఎక్కువై 4 తక్కువైతే 3+4, గ్రూపు 2. తిరగబడితే 4+3, గ్రూపు 3. కూడితే రెండూ ఏడే, మనుషుల దారులు మాత్రం వేరు. 4 ఎంత శాతమో రాయి. జల్లెడ కనబడితే పేరు పెట్టి మరీ రాయి, అది మంచి చుట్టం కాదు.

3. సీసా దగ్గరే సగం రిపోర్టు తయారవుతుంది.

నిజామాబాద్ యార్డులో పసుపు కొనేవాడు ఒక్క బస్తా చూసి కుప్పకంతా ధర కట్టడు. ప్రోస్టేట్‌కూ అంతే. పన్నెండు చోట్ల సూది దింపి దారప్పోగుల్లాంటి ముక్కలు తీస్తారు. ఏది ఎక్కడిదో సీసా మీద రాయాలి. ఒకచోట నుంచి నాకు పన్నెండూ ఒకే సీసాలో, ఉప్పునీళ్లలో వచ్చేవి. ఫార్మలిన్ అన్నది ముక్కకు కనీసం పది రెట్లు ఉండాలని ఎన్ని చీటీలు రాశానో! కుళ్లడం మొదలైన ముక్కలో గ్రేడ్ వెతకడం కంటే జాతకం చెప్పడం సులువు.

4. తెలియకపోతే తెలియలేదని రాయి.

అర మిల్లీమీటరులో నాలుగు గ్రంథులు కనబడి కలవరపెడతాయి. మామూలు గ్రంథి చుట్టూ బేసల్ కణాల అంచు ఉంటుంది, క్యాన్సర్‌లో ఉండదు. పీ63 రంగు వేసి చూడు. అప్పటికీ తేలకపోతే "అనుమానం" అనే రాయి.

5. గ్రేడ్ వేరు, స్టేజీ వేరు.

గ్రేడ్ అంటే దాని గుణం, స్టేజీ అంటే ఎంత దూరం పాకిందన్నది. సూది ముక్కను చూసి స్టేజీ చెప్పమంటే నీ వల్ల కాదు. గ్రంథి మొత్తం కోసి పంపినప్పుడు ముందు ఇంకు పూయి; నేను కుడికి నీలం, ఎడమకు ఆకుపచ్చ పూసేవాణ్ణి. క్యాన్సర్ కణం ఇంకును తాకితే అంచున మిగిలినట్టే లెక్క. గ్రంథిలోనే ఉంటే పీటీ2, బయటి కొవ్వులోకి పొడిస్తే పీటీ3ఏ, సెమినల్ వెసికిల్‌లోకి దూరితే పీటీ3బీ.

6. మరోచోట చూపించుకోవడానికి బ్లాకులు అడిగితే ముఖం చిట్లించకు.

ఆ రైతుది 3+4. పన్నెండులో రెండు ముక్కల్లోనే ఉంది, 4 అన్నది పదో వంతే. "పాస్, ఫెయిల్ లెక్క కాదు తమ్మీ, తొందరపడి భయపడకు" అని, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో మరోసారి చూపించుకోమన్నాను. వారం తర్వాత స్లైడ్లు, ముక్కలు పొదిగిన మైనం బ్లాకులు తీసుకుని రైలుకు పోతూ మా ఇంటి ముందు ఆగారు. ప్లాస్టిక్ సంచిని బండి డిక్కీలో పడేశారు. "ఎండకు మైనం మెత్తబడితే అంతే సంగతులు" అన్నాను. ఆయన మాట్లాడకుండా నల్లా దగ్గరికి పోయి, కండువా తడిపి పిండి, సంచి చుట్టూ మడతలు పెట్టి చుట్టాడు.