మూడున్నర గంటల 'లవకుశ', ఒకే డివిడి: బొమ్మ చెడకుండా ఎలా?

ఊళ్లో అమ్మమ్మ ఇంకా డివిడి ప్లేయర్‌లోనే చూస్తారా? 'లవకుశ' (1963) లాంటి పెద్ద సినిమాని ఒకే డిస్క్‌లో కుదిస్తే సీతమ్మ ముఖం గళ్లు గళ్లుగా కనిపించొచ్చు. ఇలా చేసి చూడండి.

లెక్క: సింగిల్ లేయర్ డిస్క్ 4.7 జీబీ. మూడున్నర గంటలకి పంచితే సెకనుకి దాదాపు 3 మెగాబిట్లు. ఆడియోకి 0.2 పోతే వీడియోకి మిగిలేది 2.8. డివిడి వీడియో గరిష్ఠం 9.8!

టూ-పాస్: అన్నదానంలో అందరికీ ఒకే కొలత వడ్డించం కదా. మొదటి పాస్‌లో ఎన్‌కోడర్ ఏ సీన్‌కి ఎంత ఆకలో చూసుకుంటుంది. రెండో పాస్‌లో కదలని సీన్‌కి తక్కువ, యుద్ధానికి ఎక్కువ వడ్డిస్తుంది. అందుకే వేరియబుల్ బిట్‌రేట్ పెట్టండి.

డీనాయిజ్: పాత ప్రింట్‌లో గ్రెయిన్‌ని కూడా ఎన్‌కోడర్ బొమ్మే అనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది. ముందే కొంచెం తగ్గించండి. మరీ ఎక్కువైతే ముఖాలు మైనపు బొమ్మల్లా అయిపోతాయి.

అప్పటికీ చాలకపోతే 8.5 జీబీ డ్యూయల్ లేయర్ వాడండి, లేదా ఇంటర్వెల్ దగ్గర రెండు డిస్కులు చేయండి.

ఇచ్చే ముందు చీకటి సీన్లు టీవీలో ఒకసారి చూసుకోండి. మనకది ఫైలు, అమ్మమ్మకి దర్శనం.