జడ్జిని బదిలీ చేయించగలరా?

ప్రశ్న: మా పొలం గట్టు తగాదా బందరు కోర్టులో నడుస్తోంది. "ఎమ్మెల్యే మా మనిషి, జడ్జిని బదిలీ చేయిస్తాం" అని అవతలివాళ్లు బెదిరిస్తున్నారు. అది సాధ్యమేనా?
– ఒక రైతు, గూడూరు, కృష్ణా జిల్లా

జవాబు: ధైర్యంగా ఉండండి. తహసీల్దారు బదిలీ ప్రభుత్వం చేతిలో ఉంటుంది, జడ్జిది కాదు. రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం సివిల్ జడ్జీల పోస్టింగులు, ప్రమోషన్లు, సెలవులు హైకోర్టు అదుపులోనే ఉంటాయి. ఆ అదుపు పూర్తిగా హైకోర్టుదేనని 1978లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే, సుప్రీంకోర్టు తేల్చింది.

బెదిరింపు సంగతి మీ వకీలుకు చెప్పండి. మీరూ ఏ నాయకుడి సిఫారసు కోసం తిరగొద్దు, జడ్జిగారిని విడిగా కలవొద్దు. పక్షపాతానికి గట్టి ఆధారం ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద కేసును వేరే కోర్టుకు మార్చమని జిల్లా కోర్టునో హైకోర్టునో కోరవచ్చు. ముందుగా మాత్రం అడ్వొకేట్ కమిషనర్‌ను వేసి, సర్వేయరుతో గట్టు కొలిపించమని పిటిషన్ వేయించండి.