ధ్వని యొకటి – అక్షరము వేరు

చెవికి ఒక్కటిగా వినిపించి, కాగితముపై వేరై, అర్థమున మరింత వేరగు పదములు ఆంగ్లమున పెక్కు కలవు. దరఖాస్తులో ‘ప్రిన్సిపల్’ అను మాట చివర పి-ఏ-ఎల్‌కు బదులు పి-ఎల్-ఈ అని వ్రాసినచో, కళాశాల అధిపతికి గాక ఏదో ఒక నియమమునకు విన్నవించుకొన్నట్లగును. చదివినవారు నవ్వి ఊరకుందురని తలపరాదు. ఉద్యోగార్థి శ్రద్ధను పై అధికారి ఆ ఒక్క మాటతోనే తూచును.

ఈ చిక్కు మనకు క్రొత్త కాదు. ఉర్దూలో జాల్, జే, జ్వాద్, జోయ్ అను నాలుగక్షరములకును పలుకు ఒక్కటే. ‘నజీర్’ అను మాటను జాల్‌తో వ్రాసిన హెచ్చరించువాడు. జోయ్‌తో వ్రాసిన సాటి, ఉదాహరణము. తెలుగున అరసున్నతో ‘ఏఁడు’ సంవత్సరము. అది లేనిచో సంఖ్య. కావున అక్షరమును బట్టి అర్థము గ్రహించు అలవాటు మన యింటనే కలదు.

ఆంగ్లమున ఈ స్థితికి ముఖ్య కారణము చరిత్రలో నున్నది. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో ముద్రాయంత్రము నెలకొల్పిన పిమ్మట, అచ్చులో వ్రాత క్రమముగా స్థిరపడెను; నోటి పలుకు మాత్రము మారుచునే యుండెను. ‘ఎరుగుట’ యను అర్థము గల ‘నో’ మాటకు ముందున్న కే అక్షరము ఒకప్పుడు పలుకబడెడిది. నేడు ధ్వని పోయి అక్షరము మిగిలినది. అందుచే అది ‘కాదు’ అను ‘నో’తో చెవికి కలిసిపోయినది.

ఉస్మాన్‌గంజ్ టోకు బజారులో నాలుగడుగులు వేసిన చాలును, ఇట్టి పదములు ఎదురగును. ‘హోల్‌సేల్’ అను పలకపై మొదటి డబ్ల్యు జారిపోయినచో వర్తకుడు రంధ్రములమ్ముచున్నాడని అర్థము! ‘సేల్’ నడుమ ఐ చేరినచో అది ఓడ తెరచాప. ‘బేల్’ చివర ఈ యున్న బట్టల మూట. ఐ నడుమ నున్న జామీను. ‘వెయిట్’లో ఈ-ఐ-జి-హెచ్ యున్న తూకము, ఏ-ఐ యున్న నిరీక్షణ. ‘స్టేషనరీ’ చివర ఈ-ఆర్-వై యున్న కాగితములు, కలములు. ఏ-ఆర్-వై యున్న కదలక నిలిచినది. ఎన్వలప్ ఈతో మొదలగునని తలచుకొన్న ఇది మరువదు.

మరికొన్ని పదములు ఆంగ్లేయుల నోట వేరైనను మన నోట కలిసిపోవును. వదులైన చొక్కాను మనము ‘లూజు’ అందుము. కాని వదులు అను మాటలో ఓ రెండుసార్లు వచ్చును, చివర సీన్ ధ్వని యుండును. పోగొట్టుకొనుట అను మాటలో ఓ ఒక్కటే, చివర జే ధ్వని యుండును. ఉర్దూ మిత్రుని చెవి ఈ భేదమును వెంటనే పట్టును. అట్లే ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అను అలవాటు గలవారి నోట ‘స్టేట్’ పోయి ‘ఎస్టేట్’ వినిపించును. రాష్ట్రము జమీనుగా మారిపోవును! విచిత్రమేమన, ఆ రెండు పదములును ప్రాచీన ఫ్రెంచి నుండి వచ్చిన తోబుట్టువులే; అచ్చటివారును ‘స’కారమునకు ముందు అచ్చును చేర్చిరి. ఇచ్చట తెలుగు మిత్రుడు సాయపడగలడు.

కావున విద్యార్థులు మూడు పనులు చేయవలెను. పదమును ఒంటరిగా గాక వాక్యములో నేర్వవలెను. జంటపదములను ఒకే పుటలో ఎదురెదురుగా వ్రాసికొనవలెను. సందేహము కలిగినప్పుడు నిఘంటువును చూడవలెను. చెవిని మాత్రమే నమ్మరాదు. కళాశాల కమిటీ వారు గ్రంథాలయ ద్వారమున ఒక నల్లబల్ల నుంచి, వారమునకొక జంటను ఉర్దూ, తెలుగు అర్థములతో వ్రాయించినచో మేలు కలుగును. ఒకే బల్లపై కూర్చుండు ఇరుభాషల విద్యార్థులు ఒకరి లోపము నొకరు తీర్చుకొన్నచో, మూడవ భాష ఇరువురికిని సులభమగును.