నాట్లకు మనుషులు ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఆయకట్టు ఊరు. ఎంత కూలి ఇస్తామన్నా వరి నాట్లకు మనుషులు రావడం లేదు. ఉపాధి హామీ పనుల వల్లేనంటున్నారు, నిజమేనా?

జవాబు: కొంతే నిజం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలయ్యాక, ఆడామగా ఒకే కూలి అన్న మాట ఊళ్లకు చేరింది. ఆడకూలీలకు బేరమాడే ధైర్యం వచ్చింది. మంచే జరిగిందంటాను. కానీ ఆ పనులు ఎక్కువగా ఎండాకాలంవి, మీ నాట్లు వానాకాలంవి.

అసలు చిక్కు వేరు. కాల్వకు నీళ్లు వదలగానే ఆయకట్టంతా ఒకేసారి నాటుకు దిగుతుంది. నాటేది ఎక్కువగా నడివయసు ఆడవాళ్లు. వాళ్ల పిల్లలు చదువుకుని పట్నం పోయారు. అందుకే చాలాచోట్ల రోజుకూలి పోయి ఎకరానికింత అని గుత్త వచ్చింది. తెల్లవారకముందే ఆటో ఎక్కుతారు, మధ్యాహ్నానికి ఒక మడి ముగించి ఇంకో మడిలో దిగుతారు. మోకాటి బురదలో పొద్దంతా నడుము వంచే పనికి ఎక్కువ అడగడం న్యాయమే. ఇప్పుడు బీహార్, బెంగాల్ నుంచి మగవాళ్ల ముఠాలూ వస్తున్నాయి.

ఈసారి నారు వారం తేడాతో రెండు విడతలుగా పోయండి. ఒక ఎకరంలో నాటకుండా విత్తనం వెదజల్లి చూడండి. కలుపును మాత్రం మొదట్లోనే అదుపు చేయాలి.